మామ్మ చెల్లించిన గుమ్మడికాయ

మా ఇంట్లో ఎవరూ డబ్బు చెల్లించేవారు కాదు. ఇంటద్దె ఇచ్చేవాళ్ళం, బడి ఫీజు కట్టేవాళ్ళం, కిరాణా కొట్టు బాకీ తీర్చేవాళ్ళం, తీర్చలేని నెలలో ఆ వీధి మానేసి వెనక సందులోంచి నడిచేవాళ్ళం. చెల్లించడం అనే మాట మాత్రం ఆదివారం నాడు ఉతికిన బట్టలతో పాటు బయటికి వచ్చేది. చర్చిలో అందరూ చెల్లించేవారే. స్తుతులు చెల్లించేవారు, కృతజ్ఞతలు చెల్లించేవారు, మొక్కుబళ్ళు చెల్లించేవారు. కానుక సంచిలో పది పైసలు వేసే పెద్దాయన కూడా లేచి నిలబడి, మా కాళ్ళు తిమ్మిరెక్కేదాకా వందనాలు చెల్లించేవాడు. అంచేత చిన్నప్పుడు అది మా క్రైస్తవుల సొంత మాటే అని నా నమ్మకం.

డెబ్భైలు ఇంకా రాలేదు, రాబోతున్నాయి. చోడవరంలో మేం అద్దెకున్న ఇంటి యజమానికి పంచాయతీ నుంచి పన్ను నోటీసు వచ్చింది. ఆయనకి చదువు రాదు. మా నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు కాబట్టి వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా మా అరుగు మీదికే వచ్చేది. నాన్న నోటీసు చదువుతూ చివర్లో "వెంటనే చెల్లించవలెను" అన్నాడు. నేను ఊరుకోలేక, "పంచాయతీ ఆఫీసు వాళ్ళు కూడా మన చర్చికే వస్తారా నాన్నా?" అని అడిగాను. ఇంటాయన పగలబడి నవ్వాడు. నాన్న నవ్వలేదు. మాట గురించి ఎవరైనా అడిగితే చాలు, ఆయనకి ఆకలి ఉండదు, మాకు నిద్ర ఉండదు.

ఆ రోజు అన్నాల దగ్గర మొదలుపెట్టాడు. చెల్లించు అనేది చెల్లు నుంచి వచ్చిందట. చెల్లు అచ్చమైన తెలుగు మాట, దానికి అక్కచెల్లెళ్ళు అరవంలో ఉన్నారు, కన్నడంలో ఉన్నారు. అరవంలో ఆ మాటకి వెళ్ళడం అనే అర్థం. మన దగ్గర కూడా మొదటి అర్థం నడవడం, సాగడమే, డబ్బు సంగతి తర్వాత వచ్చి చేరింది. దొంగ రూపాయి చెల్లదు అంటాం, అంటే బజార్లో నడవదని. చెల్లుబాటు, చెల్లుచీటీ అన్నీ ఆ ఇంటి పిల్లలే. "కాబట్టి చెల్లించడమంటే మన చేతిలోంచి పోవడం కాదమ్మా, అవతలి చేతిలో నడిచేలా చెయ్యడం" అని నాన్న చెయ్యి ఊపాడు. చేతిలోని పులుసు మెతుకులు అమ్మ చీర మీద పడ్డాయి.

మామ్మ, అంటే మా నాన్న తల్లి, గోడకి ఆనుకుని అంతా విని, "దానికి ఇంత గోలేటిరా? ఇచ్చినోడు ఇచ్చీసేనంటే అయిపోద్దేటి? పుచ్చుకున్నోడు ఉంచుకుంటే సెల్లినట్టు, నేకపోతే నేదు. ముందు అన్నం తిను, సల్లారిపోతంది" అంది. నాన్న ముఖం చిన్నబోయింది. ఆయన చాలాసేపు చెప్పినది ఆవిడ ముద్ద మింగినంతలో చెప్పేసింది. నాకైతే భలే సంబరం వేసింది.

అప్పటికి మామ్మ మా ఇంటికి వచ్చి ఏడాది దాటింది. ఆవిడది వడ్డాది అవతల చిన్న ఊరు. తాత పోయాక అక్కడే సొంత పాకలో ఒక్కతే ఉండేది. ఊడుపులకీ కోతలకీ కూలికి వెళ్ళేది, ఆదివారం తాటాకు ప్రార్థన పాకలో ముందు వరసలో కూర్చునేది. ఎన్నిసార్లు రమ్మన్నా మా దగ్గర ఉండేది కాదు. "మీ ఊళ్ళో కూకుని ఏటి సెయ్యను? గోడలకి సెప్పాలా కబుర్లు?" అనేది. అలాంటి మనిషి నాన్న జబ్బు పడ్డప్పుడు వచ్చింది.

నాన్నకి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, చప్పిడి పథ్యం పెట్టారు. తగ్గినట్టే తగ్గి, ఒకరోజు బడి నుంచి వస్తూనే గుమ్మంలో పడిపోయాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మాస్టారికి నూకలు చెల్లినట్టే అని వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు అనుకుంటుంటే నా చెవులతో విన్నాను. ఆ అన్నవాళ్ళు ఎప్పుడో పోయారు గానీ వాళ్ళ మీద నా కోపం పోలేదు. చర్చి అంతా మా నాన్న కోసం ఉపవాసాలున్నారు. మామ్మ ఆసుపత్రిలో మంచం పక్కన నేల మీద కూర్చుని దేవుడితో బేరం పెట్టుకుంది. కొడుకుని లేపి కూర్చోబెడితే తన రెక్కల కష్టం ఆయనకిచ్చుకుంటానని మొక్కింది. నాన్న లేచి కూర్చున్నాడు. ఎముకలూ కళ్ళూ తప్ప ఏమీ మిగల్లేదు, అయినా ఇంటికి వచ్చాడు. మామ్మ కూడా మాతోనే వచ్చేసింది, మరి కదల్లేదు. పోనీలే, ఇన్నాళ్ళకి మనసు మారింది, పెద్దతనంలో నీడ పట్టున ఉంటుందని మేం సంతోషపడ్డాం.

మొక్కు దగ్గర వచ్చింది తగువు. నాన్న మొదటి జీతం అందగానే, "నీ మొక్కు సంగతి నాకొదిలేయమ్మా. కవరులో పెట్టి నీ పేరు మీద వేసేస్తాను" అన్నాడు.

"నీ పేణానికి నీ సొమ్మెట్టడమేటిరా? అది నీ మొక్కవుద్ది గానీ నాదెలాగవుద్ది?" అంది మామ్మ. "నాను నా రెక్కల కష్టం అన్నాను. ఆయనేటి, సెవిటోడా?"

ఆ వారంలోనే ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా, బుచ్చెయ్యపేట రోడ్డులో చెరుకు కొట్టే కూలీల్లో కలిసిపోయింది. నాన్నకి ఎవరో చెప్పారు. ఇంకా నీరసం తీరని మనిషి సైకిలు వేసుకుని వెళ్ళి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టాక మొదలైంది గొడవ.

"మాస్టారి తల్లి చెరుకు కొట్టడానికెళ్ళిందని రేపు పిల్లలు నా ముఖమ్మీదే అంటారు. నాకు పరువుండక్కర్లేదా?"

"సెరుకు కొట్టి నిన్ను సదివించేను. అప్పుడెక్కడికెల్లింది నీ పరువు?"

అయినా నాన్న కూలికి మాత్రం వెళ్ళనివ్వలేదు. ఆయనదీ మొండితనమే, ఎవరి పొట్టన పుట్టాడు మరి. మామ్మ రెండు రోజులు అన్నం తినకుండా కూర్చుంది. మూడో రోజు లేచి, తన ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన గుమ్మడి గింజలు వంటపాక పక్కన పాతింది. చర్చిలో కోత పండుగ నాటికి కాయ దింపి దేవుడి ముందు పెడతానంది. అది తన భూమి కాకపోయినా తన కష్టమే కదా, దానికి ఎవరి పరువూ అడ్డు రాదు కదా అని నాన్నని దెప్పింది.

ఆ ఏడాది తీగ పాక మీదికి పాకేలోపు ఇంటాయన మేక తినేసింది. మేకని మామ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కోత పండుగ రోజు అందరం బయలుదేరితే ఆవిడ రానంది. "ఒట్టి సేతుల్తో ఏ మొకమెట్టుకుని ఎల్లను? అప్పులోడి గుమ్మం ముందు నుంచి తల దించుకుని ఎల్లినట్టుంటది" అని తలుపు వేసుకుంది. అప్పుడు నాకు కొంచెం అర్థమైంది. మేం నాన్నకి నయమైపోయిందని మర్చిపోయాం. ఆవిడ లెక్కలో ఇంకా నయం కాలేదు. మొక్కు తీరేదాకా ఆయన ప్రాణం అరువు తెచ్చుకున్న ప్రాణమే. నాన్న ఒకసారి దగ్గితే చాలు, ఎక్కడున్నా లేచి వచ్చి గుమ్మంలో నిలబడేది.

రెండో ఏడు చుట్టూ ముళ్ళకంప కట్టింది. బావి నుంచి నీళ్ళు ఆవిడా నేనూ మోశాం. పొయ్యిలో బూడిద, పంచదార ఫ్యాక్టరీకి చెరుకు తోలే ఎడ్ల వెనకాల తట్ట పట్టుకుని ఏరిన పేడ, అన్నీ ఆ పాదుకే. పువ్వులు బోలెడు పూసి, పిందెలు రాలిపోయి, చివరికి ఒక్కటంటే ఒక్క కాయ నిలిచింది. అది వంటపాక కప్పు మీద పెరుగుతుంటే రోజూ పొద్దున్నే నన్ను పైకి ఎక్కించి, "ఎంతైందే గుంటా?" అని అడిగేది. నేను చేతులు చాపి చూపించేదాన్ని. కాయకి సున్నంతో ఒక చుక్క కూడా పెట్టించింది. దిష్టి చుక్కలు పెట్టకూడదని మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఎన్నోసార్లు చెప్పారు. నేను ఆ మాట గుర్తు చేస్తే, "ఓలమ్మ, దిష్టేటే? అది సీమల మందు" అంది.

వరి కోతలయ్యాక కోత పండుగ వచ్చింది. చర్చి స్తంభాలకి చెరుకు గడలు కట్టారు. బల్ల ముందు వరి కట్టలు, బెల్లం దిమ్మలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. మామ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని గుమ్మడికాయని నెత్తి మీద పెట్టుకుని వచ్చింది. నాన్న సైకిలు మీద పెట్టుకొస్తానంటే ఒప్పుకోలేదు. అయ్యగారి ముందు దింపి, "నా కొడుకు కోసం సెల్లించుకుంతన్నాను బాబూ" అంది.

ఆరాధన అయ్యాక పాట మొదలైంది. మా చర్చిలో కోత పండుగ నాడు తెచ్చిన కానుకలన్నీ వేలం వేస్తారు, వచ్చిన డబ్బు చర్చికి పోతుంది. అందులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా ఒక వస్తువు మీద మరీ ప్రేమ ఉంటే, డబ్బిచ్చి పాడుకుని, వస్తువు తీసుకోకుండా తిరిగి బల్ల మీద పెట్టేస్తారు. మళ్ళీ పాడతారు. ఇంకొకరు పాడుకుని వాళ్ళూ తిరిగిచ్చేస్తారు. ఒక్కో ఏడు ఒక నిమ్మకాయ కోడిపుంజు కంటే ఎక్కువ ధర పలికేది. మాకందరికీ అది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి. తాటాకు పాకలో దోసెడు బియ్యం తెచ్చి, వండుకుని, కలిసి తిని వెళ్ళిపోయే ఊరి నుంచి వచ్చిన మామ్మకి తెలీదు. తెలీదన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

గుమ్మడికాయ బల్ల మీదికి ఎక్కింది. పాట పాడించే సంఘ పెద్ద, ఫ్యాక్టరీలో చెరుకు బళ్ళని అదిలించే మనిషి, చర్చి కప్పు ఎగిరిపోయేలా "మాస్టారి మొక్కు!" అని అరిచాడు. ఆ మాటకి అందరూ లేచి కూర్చున్నారు. నాన్న కోసం ఉపవాసాలున్నది వాళ్ళే కదా. ఒక టైలరు పాడుకున్నాడు, డబ్బిచ్చాడు, "తిరిగి ఇచ్చేస్తన్నాను, మళ్ళీ పాడండి" అన్నాడు. చప్పట్లు. తర్వాత ఒక చెరుకు రైతు పాడుకుని, కాయని కళ్ళకద్దుకుని బల్ల మీదే పెట్టేశాడు. ఆ తర్వాత బడిలో లెక్కల మాస్టారు. కాయ అలా వెళ్తోంది, వస్తోంది, ధర పెరుగుతోంది. నేను గర్వంతో చాప మీద మోకాళ్ళ మీద లేచి అరుస్తున్నాను. నా చెయ్యి పట్టుకున్న మామ్మ వేళ్ళు బిగుసుకుంటుంటే ఆవిడకీ సంబరమే అనుకున్నాను.

ఆఖరికి ఆసుపత్రి నర్సమ్మ పాడుకుంది. ఆవిడ కూడా డబ్బు పళ్ళెంలో వేసి, "నేనూ తిరిగి ఇచ్చేస్తన్నాను" అంది. సంఘ పెద్ద మళ్ళీ మొదలుపెట్టి "ఒకటోసారి..." అనేసరికి మామ్మ లేచింది. మగవాళ్ళ మధ్యలోంచి నడిచి వెళ్ళి, ఎత్తిన ఆయన చెయ్యి ఎత్తినట్టే ఉండగా బల్ల మీద కాయని తీసి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని, గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయింది.

చర్చిలో కోళ్ళు తప్ప ఎవరూ నోరెత్తలేదు. నాన్న చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు, ఆయన వెనక నేను. మామ్మ సైకిళ్ళు పెట్టిన చోట ఎండలో నిలబడి వలవలా ఏడుస్తోంది.

"అక్కర్నేకపోతే అక్కర్నేదని సెప్పొచ్చు కదరా! నలుగురిలో ఇదేటిది? ఆడు వద్దని ఈడికి, ఈడు వద్దని ఆడికి. ఒక్కడు ఇంటికట్టుకెల్లలేదు. పుచ్చుకోలేదురా. నా మొక్కు సెల్లలేదురా. నీకేటైనా అయితే నానేటి సెయ్యను?"

ఒక్క మాట దొరికితే గంటసేపు మాట్లాడే మా నాన్న ఆ ఎండలో తల్లి చేతులు పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటూ నిలబడ్డాడు. ఈలోగా అయ్యగారు వచ్చారు, ఆయన వెనక సగం చర్చి వచ్చింది. అయ్యగారే నెమ్మదిగా చెప్పారు. వద్దని కాదని, ప్రేమ కొద్దీ తిరిగిచ్చారని, ఎన్నిసార్లు తిరిగొస్తే మాస్టారంటే అంత ఇష్టమున్నట్టని. మామ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అంతా వింది.

"అయితే డబ్బులిచ్చి కూడా కాయొగ్గేసేరా?"

"దేవుడికిచ్చేశారమ్మా."

"దేవుడు గుమ్మడికాయ తింతాడేటి బాబూ? ఎవులో ఒకలు తినాలి కదా. నాను పండించింది తినడానికా, పాటలు పాడ్డానికా?"

అప్పుడు నర్సమ్మ ముందుకొచ్చి, "ఆఖర్న పాడుకున్నది నేను. నేను వెనక్కిచ్చిన మాట వెనక్కి తీసుకుంటన్నాను. కాయ నాది. ఇలా ఇయ్యప్పా, ఇక్కడే అందరికీ వండి పెడతాను" అని, సొంత అక్కని పిలిచినట్టు పిలిచి చేతులు చాపింది. మామ్మ ఆవిడ ముఖంలోకి కాసేపు చూసి, అప్పుడు ఇచ్చింది.

చర్చి వెనక భోజనాలకి పొయ్యిలు ఎలాగూ వెలిగే ఉన్నాయి. కత్తిపీట తెచ్చి కాయ కోశారు. పాటలో అమ్ముడైన బెల్లం దిమ్మ కొన్నవాళ్ళే పట్టుకొచ్చి ఇచ్చారు. పెద్ద గుండిగలో గుమ్మడికాయ పులుసు కాగింది. విస్తళ్ళు వేశాక మామ్మ వరస వెంబడి వంగి నడుస్తూ, "తిన్నావా బాబూ? ఉప్పు సరిపోయిందా?" అని అందరినీ అడిగింది. ఎవరి విస్తట్లోనైనా ముక్క మిగిలితే అక్కడే నిలబడేది, తినేదాకా కదిలేది కాదు. మా విస్తళ్ళలోకి మాత్రం రానివ్వలేదు. మొక్కినవాళ్ళు తినకూడదట. ఆర్నెల్లు నీళ్ళు మోసి, రోజూ పాకెక్కి దిగిన దాన్ని, ఒక్క ముక్క కోసం చెయ్యి చాపితే చెయ్యి మీద కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయి పప్పన్నం కూడా మానేశాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి మామ్మ సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఎక్కడికి అత్తా అని అమ్మ కంగారుగా అడిగింది.

"మా ఊరు. సెల్లించీసేను కదా, ఇంక నానెల్తాను. పాక ఏటైపోయిందో ఏటో."

అప్పుడు బయటపెట్టింది. ఆసుపత్రిలో మొక్కుకున్నది సగమే మాకు చెప్పిందట. మొక్కు తీరేదాకా కొడుకు గుమ్మం వదలనని, అంతవరకూ తనే జామీనని కూడా దేవుడికి మాటిచ్చిందట. ఇన్నాళ్ళూ మా దగ్గర ఉన్నది అందుకని. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "అయితే మా మీద ఇష్టం లేకే ఉన్నావా?" అని అరిచాను. "ఇష్టం లేకేటే పిచ్చిగుంటా? ఇష్టానికి ఎక్కడైనా ఉండొచ్చు. పనికి అక్కడే ఉండాలి" అని నా జుట్టు నిమిరింది. తోడికోడళ్ళలా ఆవిడతో రోజూ పోట్లాడిన మా అమ్మ వంటపాకలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్న ఈసారి కూలికి వెళ్ళొద్దని అనలేదు. బడికి సెలవు పెట్టి, ఆవిడ సంచి పట్టుకుని వడ్డాది బస్సు దాకా నడిచాడు. నేను ఆవిడ కొంగు పట్టుకుని నడిచాను.

బస్సు వచ్చింది. మామ్మ చెయ్యి చాపినా నాన్న సంచి ఇవ్వలేదు. రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు ఎక్కమని కేకేశాడు.

"ఇంకో మొక్కు మొక్కుకోవే అమ్మా" అన్నాడు నాన్న. "ఏదో ఒకటి. చిన్నదైనా పర్వాలేదు."

మామ్మ ఆయన దగ్గరికి వచ్చి, బొటనవేలితో కింది రెప్ప లాగి కన్ను చూసింది. రెండో కన్నూ చూసింది. రెండూ తెల్లగా ఉన్నాయి.

"ఏటడగమంతావురా? అడగడానికి నాకింకేటీ మిగల్లేదు" అని, ఆయన చేతుల్లోంచి సంచి తీసుకుని బస్సెక్కింది.